తిన్నాక బిల్లు ఎవరు కట్టారు?

తినడం, రాయడం, మాట్లాడటం. ఈ మూడింటి మీద నిలబడే కెరియర్ ఒకటుంది: రెస్టారెంట్ క్రిటిక్. వరంగల్, హన్మకొండలో చదువుకుంటూ ఫుడ్ వీడియోలు చేస్తున్నవాళ్లు మీ క్లాసులోనే ఒకరిద్దరు ఉండి ఉంటారు. మీరే కావచ్చు కూడా. ఇది సరదాగా మిగులుతుందా, వృత్తి అవుతుందా అన్నది చాలావరకు ఒక్క ప్రశ్న మీదే ఆధారపడుతుంది. మీరు తిన్నదానికి బిల్లు ఎవరు కట్టారు?

ప్రూఫ్ రీడర్ నుంచి పులిట్జర్ దాకా

ఈ రంగంలో తెలుసుకోవాల్సిన పేరు జొనాథన్ గోల్డ్. ఊరు అమెరికాలోని లాస్ ఏంజెలెస్. కాలేజీలో చదివింది సంగీతం. 1980ల మొదట్లో ‘ఎల్‌ఏ వీక్లీ’ పత్రికలో ప్రూఫ్ రీడర్. ఆ రోజుల్లోనే సొంతంగా ఓ పని పెట్టుకున్నారు. పికో బులెవార్డ్ అనే పొడవాటి రోడ్డు మీదున్న హోటళ్లన్నింటిలో వరసగా తినడం! ఎవరూ చెప్పలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చినవాళ్లు నడిపే చిన్న చిన్న కొట్ల రుచులు ఆయనకు అలా తెలిశాయి. 1986లో ‘కౌంటర్ ఇంటెలిజెన్స్’ కాలమ్ మొదలైంది. 2007లో పులిట్జర్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి రెస్టారెంట్ క్రిటిక్ ఆయనే. ‘లాస్ ఏంజెలెస్ టైమ్స్’కు రాస్తూ, కేసీఆర్‌డబ్ల్యూ రేడియోలో ‘గుడ్ ఫుడ్’ కార్యక్రమంలోనూ మాట్లాడేవారు. 2018లో, 57 ఏళ్లకే కన్నుమూశారు.

కాలమ్ నుంచి పులిట్జర్‌కు 21 ఏళ్లు పట్టింది. ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఫోన్ రివ్యూ వేరు, హోటల్ రివ్యూ వేరు

నేను రాసేది గ్యాడ్జెట్ల గురించి. నా చేతికొచ్చిన ఫోనూ, మీరు కొనే ఫోనూ దాదాపు ఒకటే. హోటల్ సంగతి అలా కాదు. మంగళవారం మధ్యాహ్నం బిర్యానీ, ఆదివారం రాత్రి బిర్యానీ ఒకటి కావు. మాస్టర్ సెలవు పెడితే రుచే మారిపోతుంది. ఒక్కసారి తిని తీర్పు చెప్పడమంటే, ఒక్క రీడింగ్‌తో ల్యాబ్ రికార్డు నింపేయడమే. గోల్డ్ ఒకే హోటల్‌కు పదే పదే వెళ్లాకే రాసేవారు.

ఇందులో రెండు వైపులా నష్టపోయేవాళ్లున్నారు. టిఫిన్ సెంటర్ నడిపే కుటుంబానికి మీరు అన్న ‘వేస్ట్’ అనే ఒక్క మాట నెల గిరాకీ పోగొట్టొచ్చు. ఫ్రీగా తిని ‘అదిరింది’ అంటే, మిమ్మల్ని నమ్మి జేబులో ఉన్న రెండొందలూ అక్కడ పెట్టిన హాస్టల్ కుర్రాడు మోసపోతాడు.

నాలుకతో పాటు సరుకూ తెలియాలి. మన చపాటా మిర్చినే తీసుకోండి. 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. రంగు ముదురు ఎరుపు, కారం తక్కువ. ఇది తెలియనివాళ్లు ఎర్రటి కూర చూడగానే ‘ఘాటు’ అని రాసేస్తారు.

చట్టం ఏమంటోంది?

డబ్బులు, ఫ్రీ భోజనం, గిఫ్టులు... ఏది తీసుకుని ప్రచారం చేసినా ఆ విషయం చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ఇవే చెబుతున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనలో భాగమైతే రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఫాలోవర్లు తక్కువే కదా అంటే కుదరదు.

జీతం సంగతి

ఉన్నమాట చెప్పుకోవాలి. కేవలం హోటళ్ల మీద రాసే పూర్తికాలపు ఉద్యోగాలు మన దగ్గర చాలా అరుదు. ‘రూడ్ ఫుడ్’ కాలమ్‌తో, టీవీ షోలతో పేరు తెచ్చుకున్న వీర్ సంఘ్వీ కూడా హిందుస్థాన్ టైమ్స్ ఎడిటర్‌గా పనిచేసినవారే. కాబట్టి ముందు చేతిలో ఒక పని ఉండాలి. పత్రికల జర్నలిజం స్కూళ్లు, ఫీచర్స్ డెస్కులు ఒక దారి. గొంతు బాగుంటే ఆకాశవాణి కేంద్రాల్లో క్యాజువల్ అనౌన్సర్ ప్రకటనలపై కన్నేయండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో రాసినా తప్పులేదు. నెల జీతం ఉన్నవాళ్లకు సొంత బిల్లు కట్టుకోవడం సులువు.

ఇలా మొదలుపెట్టండి

* మీకూ ఒక రోడ్డు ఎంచుకోండి. కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ఉన్న దారి చాలు. ఛాయ్ బండి నుంచి ఏసీ హోటల్ వరకు ఏదీ వదలొద్దు.
* ఒక్కో చోటికి కనీసం మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో వెళ్లండి.
* తేదీ, ధర, తిన్నది నోట్‌బుక్‌లో రాయండి. బిల్లు దాచండి. దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉందో లేదో చూడండి.
* ‘సూపర్’, ‘నెక్స్ట్ లెవెల్’ లాంటి మాటలు వాడకుండా సర్వపిండి రుచిని నాలుగు వాక్యాల్లో చెప్పడం సాధన చేయండి. రేడియోలో బొమ్మ ఉండదు, మాటే చూపించాలి.
* బాగాలేదని రాసేముందు యజమానితో ఒకసారి మాట్లాడండి. ఆయన చెప్పిందీ రాయండి.

ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఒక రోడ్డు మొత్తం రుచుల రికార్డు ఉంటుంది. ఏ ఎడిటర్ దగ్గరికి వెళ్లినా రెజ్యూమె కంటే ముందు ఆ నోట్‌బుక్ తీయండి.