కదలుచున్న వానికి ఉత్తరము చేరుట యెట్లు?

ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెము పోవు బాలుడొకడు త్రోవపొడుగున తన తల్లితో సెల్‌ఫోనున మాటలాడుచుండును. దెందులూరు, భీమడోలు, పూళ్ల దాటిపోవును. ఫోనునకు సంకేతము నందించు టవర్లు ఒకదాని వెనుక నొకటి మారుచుండును. అయినను మాట తెగదు. ఇది యెట్లు జరుగుచున్నదో మన విద్యార్థులకు కొంచెము వివరింపదలచితిమి.

ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకును ఒక అంకెల చిరునామా కలదు. చిక్కంతయు నందే యున్నది. ఆ చిరునామా యంత్రమేదో తెలుపుటయే గాక అది యుండు చోటును గూడ తెలుపును. చోటు మారిన చిరునామా మారవలెను; చిరునామా మారిన సంభాషణ తెగును.

దీనికి 1996లో మొబైల్ ఐ.పీ. యను నుపాయము వెలువడినది. మన తపాలాయే దీనికి తగిన పోలిక. కొల్లేటి లంకవాడొకడు చేపల బేరమునకై ఊరూర తిరుగుచున్నాడనుకొందము. అతడు చేరిన ప్రతి యూరినుండియు, “ఇప్పుడిచ్చట నున్నాను” అని తన పోస్టుమాస్టరునకు కార్డు వ్రాయును. బంధువులు పాత చిరునామాకే వ్రాయుదురు. పోస్టుమాస్టరు ఆ యుత్తరమును మరియొక కవరులో నుంచి క్రొత్త చోటికి పంపును. ఈ పోస్టుమాస్టరునకు గృహప్రతినిధి యని పేరు పెట్టవచ్చును. కార్డుమీది సంతకమును పరీక్షించుటయు నతని విధియే. లేకున్న వంచకులు పరుల యుత్తరములను తమకు త్రిప్పుకొందురు. మన సెల్‌ఫోను సంస్థలు సాధారణముగా జీ.టీ.పీ. యను వేరొక విధానమును వాడుచున్నను, కవరులో కవరు నుంచు సూత్ర మచ్చటను ఇదియే.

ఒక్కనికి ఇది చాలును. లక్షలమందికి మూడు కష్టములు తోచును.

మొదటిది చుట్టుదారి. ఒకే యూరనున్న యిద్దరి మాటలును దూరపు కచేరికి పోయి రావలెను. క్రొత్త చోటును స్నేహితునకే నేరుగ తెలుపు పద్ధతి 2004లో నేర్పడినది.

రెండవది కార్డుల వెల్లువ. బండిలోని వేయిమంది ఒక్కసారిగ వ్రాసిన కచేరి యేమి కావలెను? బండియందే యొక యంత్రముంచి, అందరి పక్షమున అదియే యొక్క కార్డు వ్రాయు విధానమును 2005లో విజయ్ దేవరపల్లి మొదలగువారు ప్రకటించిరి. 2008లో శ్రీ గుండవెల్లి మొదలగువారు మరియొక త్రోవ చూపిరి: బాటసారి యేమియు వ్రాయనక్కరలేదు, చేరిన యూరి తపాలావారే యతని పక్షమున వ్రాయుదురు.

మూడవది అన్నిటికంటె పెద్దది. పోస్టుమాస్టరే మంచమెక్కిన నేమి గతి? కచేరులు ఒకదానినొకటి “ఉన్నావా?” యని యడుగుచుండు గుండెచప్పుడు పద్ధతి 2010లో వచ్చినది. జవాబు రాకున్న లోపము వెంటనే బయటపడును. కాని తెలిసికొన్న మాత్రమున పని జరుగదు. చిట్టాకు నకలు మరియొక కచేరిలో ముందే యుండవలెను. అందుచేతనే భారమంతయు నొక్కచోట నుంచక పలుచోట్లకు పంచవలెనని 2014లో నిపుణులు నియమములు వ్రాసిరి.

ఇది పండితుల వినోదము గాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినది. ఆ నీరు కొల్లేటికి దిగినది. అట్టి దినములలో పడవపై కదలుచున్న లంకవారందరు ఒక్కసారే తమవారిని పిలుతురు. కచేరికి నిజమైన పరీక్ష యప్పుడే. టవరునకు విద్యుత్తు లేనినాడు ఈ యుపాయము లన్నియు నిష్ఫలము లనుటయు మరువరాదు.

పైని చెప్పిన పేర్లలో దేవరపల్లి, గుండవెల్లి యనునవి మన చెవులకు క్రొత్తవి గావు. మన పాఠశాల బాలబాలికలును ఇట్టి కృషికి పూనుకొందురుగాక. ఎవరును చూడని వేళ పొరుగువాని చిట్టాకు నకలు వ్రాసియుంచువాడే వరదనాడు అందరికి నాధారమగును.