ఒక చక్రం తారు మీద, ఒకటి వడ్ల మీద

దాళ్వా కోతల రోజుల్లో గోదావరి జిల్లాల రోడ్లు సగం బండ్లవి, సగం వడ్లవి. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తుంటే ఎడమ పక్కకు జరిగి ఆగాను. కారు ఎడమ చక్రాలు ఆరబోసిన ధాన్యం మీద, కుడి చక్రాలు తారు మీద. ట్రాక్టరు దాటాక మొదటి గేరులో యాక్సిలరేటర్ కొంచెం గట్టిగానే తొక్కాను. ఎడమ ముందు చక్రం కింద గింజలు చిటపటమంటూ వెనక్కి ఎగిరాయి. డ్యాష్‌బోర్డు మీద, వెనక రెండు వంకర గీతలున్న చిన్న కారు బొమ్మ పసుపు రంగులో మిణుకుమిణుకుమంది. బానెట్ కింద ఏదో గుర్రుమంది. అంతలోనే కారు కదిలింది. వడ్లు తిరగేస్తున్న ఆవిడ చెయ్యి ఆపి చూసిన చూపును మాత్రం ఏ కంప్యూటరూ సర్దలేదు.

ఆ అర సెకనులో జరిగినదాని పేరే ట్రాక్షన్ కంట్రోల్. పేరు చూసి అదేదో కారుకు కొత్త పట్టు తెచ్చిపెడుతుందని చాలామంది అనుకుంటారు. తెచ్చిపెట్టదు. పట్టు ఉండేది టైరుకూ రోడ్డుకూ మధ్యే. టన్నుకు పైగా బరువున్న కారు నేలను తాకేది నాలుగే చోట్ల, ఒక్కోటీ సుమారు అరచేయంత. పొడి తారు మీద, చక్రంపై పడే బరువులో దాదాపు ఎనభై శాతం దాకా బలాన్ని ఆ అరచేయి నేలకు అందించగలదు. తడి రోడ్డు మీద అది బాగా తగ్గుతుంది. గడ్డకట్టిన మంచు మీద పది శాతం దగ్గరికి పడిపోతుంది. ఇక వదులు ధాన్యం సంగతంటారా, ప్రతి గింజా ఒక బుల్లి రోలరే. ఇంజిన్ అంతకు మించి తోస్తే చక్రం తిరుగుతుంది, కారు మాత్రం కదలదు.

ఇందులో ఒక చిత్రం ఉంది. టైరు అసలు జారకపోతే పట్టు పూర్తిగా అందదు. రబ్బరు సాగుతూ, కొద్దిగా జారుతూ ఉన్నప్పుడే బలం నేలకు దిగుతుంది. చక్రం వేగం కారు వేగం కంటే పది, ఇరవై శాతం ఎక్కువున్న చోట పట్టు గరిష్ఠంగా ఉంటుంది. ఆ గీత దాటితే తగ్గుతుంది. కాబట్టి జారనివ్వకుండా ఆపడం ట్రాక్షన్ కంట్రోల్ పని కాదు, ఎంత జారాలో అంతే జారనివ్వడం.

మరి ఒక్క చక్రం వడ్ల మీద ఉంటే, తారు మీదున్న రెండోది ఎందుకు లాగదు? తప్పు డిఫరెన్షియల్‌ది, నిజానికి దాని మంచితనానిది. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి. చక్రాల మధ్య ఒకటిన్నర మీటర్ల ఎడం ఉంటే, 90 డిగ్రీల మలుపులో ఆ తేడా సుమారు 2.4 మీటర్లు. రెండూ తమ తమ వేగంతో తిరిగేలా చూసేది డిఫరెన్షియల్. వేగాల్లో స్వేచ్ఛ ఇస్తుంది గానీ బలాన్ని మాత్రం రెంటికీ సమంగానే పంచుతుంది. వడ్ల మీద చక్రం తిరగడానికి పెద్దగా బలం అక్కర్లేదు. దానికి ఎంత తక్కువ చాలితే రెండోదానికీ అంతే దక్కుతుంది. గట్టి నేల మీదున్నది చేతులు కట్టుకుని నిలబడుతుంది, జారేది మాత్రం గిరగిరా తిరుగుతుంది.

దీన్ని కనిపెట్టడానికి ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుంది. చాలా కార్లలో చక్రంతో పాటు తిరిగే పళ్ళ ఉంగరం ఒకటి, దాని పక్కన కదలకుండా కూర్చున్న సెన్సర్ ఒకటి. పన్ను దాటిన ప్రతిసారీ ఒక సంకేతం. ఉంగరానికి 48 పళ్ళుండి, టైరు చుట్టుకొలత 1.9 మీటర్లయితే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్కో చక్రం నుంచి సెకనుకు దాదాపు 420 సంకేతాలు వస్తాయి. నాది ముందు చక్రాలు లాగే కారు. వెనక చక్రాలు ఊరికే దొర్లుతాయి కాబట్టి కారు అసలు వేగం అవే చెబుతాయి. వాటితో పోలిస్తే ముందుది ఒకటి విపరీతంగా తిరుగుతోందంటే అది జారుతోందని లెక్క.

కనిపెట్టాక చేసేవి రెండు పనులు. మొదటిది ఇంజిన్ బలం తగ్గించడం. నా కాలు ఎంత తొక్కినా లోపలి కవాటం అంత తెరుచుకోదు. రెండోది నాకు ఎక్కువ ముచ్చటేసే ఉపాయం: జారుతున్న చక్రానికి మాత్రమే బ్రేకు వేయడం. అప్పుడు ఆ చక్రం తిరగాలంటే బ్రేకును తోసుకుని తిరగాలి, అంటే బలం కావాలి. డిఫరెన్షియల్ ఎలాగూ సమంగా పంచుతుంది కాబట్టి అంత బలమూ తారు మీదున్న చక్రానికీ చేరుతుంది. నిజానికి అక్కడ భారమేమీ లేదు, ఉన్నట్టు నమ్మించడమే. నాకు వినిపించిన గుర్రుమనే చప్పుడు ఆ బ్రేకు పంపుదే. ఈ ఉపాయం తక్కువ వేగంలో ఎక్కువగా పనికొస్తుంది. అదేపనిగా వేస్తే బ్రేకు వేడెక్కుతుంది, కొంతసేపటికి కంప్యూటరే మానేస్తుంది.

ఈ సెన్సర్లూ పంపూ, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం పుట్టినవి. 1978లో బాష్ కంపెనీ ఏబీఎస్ వచ్చింది. 1986లో అదే సామగ్రిని తిరగేసి వాడుకున్న ట్రాక్షన్ కంట్రోల్, 1995లో మలుపుల్లో కారు అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ వచ్చాయి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కావడంతో సగం సరంజామా అన్నిట్లోనూ ముందే ఉంది. ఈ బాధ రైలుకు ఇంకా పాతది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం జారితే నేటికీ ఇంజిన్ చక్రాల ముందు ఇసుక చల్లుతారు. రైలు అలా నిజంగానే పట్టును పెంచుకుంటుంది. ఫార్ములా వన్‌లో మాత్రం 2008 నుంచి ట్రాక్షన్ కంట్రోల్ నిషిద్ధం. అక్కడ జనం చూడవచ్చేది డ్రైవరు పాదం నేర్పునే కదా.

మీట నొక్కి ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపుకోవచ్చు గానీ, మామూలు రోడ్డు మీద ఆ అవసరమే ఉండదు. తొలకరి చినుకులకు దుమ్మూ నూనే కలిసి తారు నున్నబడినప్పుడు, ఘాట్ రోడ్డు ఎత్తులో ఆగి కదలాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. పసుపు దీపం మిణుకుమంటే అది పని చేస్తోందని అర్థం, మీరు కాలు కాస్త వదలండి. దీపం ఆగకుండా వెలుగుతూ ఉంటే ఎవరో ఆపేశారు, లేదా ఏదో పాడైంది. అరిగిన టైరుకు, మలుపులో మితిమీరిన వేగానికి, నీటి పొర మీద తేలిపోయే కారుకు ఇది మందు కాదు.

ఆపాల్సిన చోటు నాకు అత్తగారి ఊళ్ళో తెలిసింది. శ్రావణంలో ఒకరోజు కారును పుంతలోకి దించాను. నల్లమట్టిలో కుడి ముందు చక్రం దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మూలుగుతోందే గానీ పుంజుకోవడం లేదు. చక్రం తిరగబోగానే కంప్యూటరు బలం కోసేస్తోంది. బురదలో, ఇసుకలో, లోతు మంచులో చక్రం కొంత తిరగనిస్తేనే టైరు గాళ్ళలో మట్టి విదిలిపోయి కిందున్న గట్టి నేల దొరుకుతుంది. చికాగోలో తొలి చలికాలం గడిపే మనవాళ్ళకూ ఇదే పాఠం.

"రేజ్ చెయ్యకండి అల్లుడుగారూ, ఇరుసు దాకా దిగిపోద్ది" అన్నాడు గట్టు మీద నుంచి ఒక పెద్దాయన. రెండు గోనెసంచులు చక్రం ముందు దూర్చాడు. వెనక ఎవరినీ నిలబడనివ్వలేదు, సంచి ఎగిరి తగులుతుందని. నేను ఆ కారు బొమ్మ ఉన్న మీట నొక్కి ట్రాక్షన్ కంట్రోల్ ఆపాను. రివర్సు, ముందుకు, మళ్ళీ రివర్సు. ఉయ్యాల ఊపినట్టు ఊపి, నాలుగో ఊపులో రెండో గేరులో నెమ్మదిగా బయటపడ్డాను. తారు రోడ్డెక్కగానే మీట మళ్ళీ నొక్కాను. టైరు గాళ్ళ నిండా నల్లమట్టి ఉందేమో, ఆ బంకంతా పెళ్ళలు పెళ్ళలుగా రాలేదాకా, తొక్కినప్పుడల్లా పసుపు దీపం మిణుకుతూనే ఉంది.