చూపరుల ఆట

ఓరుగంటి వీథులలో ఒకనాడు ఇద్దరు మిత్రులు తిరుగుచున్నారు. ఒకడు గోవింద మంచనశర్మ, రెండవవాడు టిట్టిభసెట్టి. వారికి వేఱు పని లేదు, చూచుటయే పని. పూటకూళ్ల యిల్లు, పాములవాని ఆట, పొట్టేళ్ల పోరు, కోడిపుంజుల పోరు, పల్నాటి వీరుల కథ పాడు స్త్రీ - కంటబడిన దానినెల్ల చూచుచు, చూచిన దానిని గూర్చి మాటలాడుకొనుచు పోవుదురు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామము ఇట్టిది. అది శ్రీనాథుని రచనయని వాదించు పండితులును కలరు. ఆ తగవుతో ఇచ్చట పని లేదు.

చరిత్రకారులు ఈ గ్రంథమునుండి ఆనాటి తిండి, బట్ట, దేవతలు, వేడుకలు ఏరుకొనిరి. అది మంచి పనియే. అయితే ఒక సంగతిని అంతగా పట్టించుకొన్నట్లు కనబడదు. ఈ వీథినాటకమున పొట్టేలు రంగము మీదికి రాదు, కోడిపుంజు రాదు. వచ్చువారు చూపరులే. నగరమంతయు ఇద్దరు చూపరుల నోటి మాటలలోనుండి మనకు కనబడును. ఆడినవానిని, పోరాడినవానిని పొగడిన కావ్యములు కోకొల్లలు. చూచినవానిని నాయకునిగా నిలిపిన కావ్యము ఓరుగంటికి దక్కినది.

ప్రతి ఆటకును రెండు పక్షములే యుండునని లోకము తలచును. మూడవ పక్షము ఒకటి కలదు. అది గీతకు వెలుపల నిలుచుండును. బంతిని తాకదు, పరుగు తీయదు. అయినను ఆటను నడపును, ఒక్కొక్కప్పుడు చెఱచును. ఈ మూడవ పక్షమును శాస్త్రమునకు ఎక్కించినవాడు భరతుడు. నాట్యశాస్త్రము ఇరువదియేడవ అధ్యాయమున ప్రయోగసిద్ధిని చెప్పుచు ఆయన సభలోనివారి చేష్టలను లెక్కించెను. చిఱునవ్వు, సగము నవ్వు, పెద్ద నవ్వు; బాగు బాగు అనుట, ఆహా అనుట, అయ్యో అనుట; మేను గగుర్పొడుచుట; ఆసనములనుండి లేచుట; పైబట్టను, వ్రేలి యుంగరమును విసరివేయుట. ఇవి మానుషసిద్ధికి గుర్తులు. పిమ్మట విఘాతములను చెప్పెను. ప్రయోగములలో పోటీలుండెడివి, గెలిచినవారికి పతాక నిచ్చెడివారు. కావున పరపక్షమువారు మాత్సర్యముతో వచ్చి పెడనవ్వులు నవ్వుదురట, దొంగయేడ్పులు ఏడ్చెదరట, పేడయు మట్టిబెడ్డలును విసరెదరట, చీమలను వదలెదరట! ఇంత వివరముగా వ్రాసినవాడు అట్టి సభలో కూర్చుండి ఒకటి రెండు బెడ్డలు తినియే యుండవలెను.

దైవసిద్ధి వేఱు. దానికి ఆయన చెప్పిన లక్షణము చిన్నది: సభ నిండియుండవలెను, చప్పుడు ఉండరాదు, కలవరము ఉండరాదు, ఉత్పాతము ఉండరాదు.

ఈ పట్టికను చేతబట్టుకొని నేడు ఏ క్రీడాప్రాంగణమునకు పోయినను సరిపోవును. మిక్కిలి చక్కగా సరిపోవునది అమెరికావారి బేస్‌బాల్ మైదానము. మన పిల్లలకు ఆ ఆట అంతగా తెలియదు గనుక రెండు మాటలు చెప్పవలెను. పక్షమునకు తొమ్మిదిమంది, ఆట తొమ్మిది ఇన్నింగ్సులు. ఒకడు బంతి విసరును, ఒకడు గుండ్రని కఱ్ఱతో కొట్టును. కొట్టినవాడు మూడు మూలలు చుట్టి, బయలుదేరిన నాలుగవ మూలకు తిరిగివచ్చిన ఒక పరుగు. విసరుటకును విసరుటకును నడుమ కావలసినంత తీరిక. 2023లో బంతి విసరువానికి గడియారము పెట్టిన తరువాత ఆ తీరిక కొంత తగ్గినది గాని, పూర్వము మూడు గంటలు సాగుట మామూలే. ఆ తీరికలోనే చూపరుల ఆచారములు మొలకెత్తెను. తీరిక లేనిచోట పండుగ పుట్టదు.

ఏడవ ఇన్నింగ్సు నడుమ మైదానమంతయు లేచి నిలుచుండును. కాళ్లు చాచుకొనుటకని చెప్పుదురు. 1910లో అధ్యక్షుడు టాఫ్ట్ లేవగా ఆయనయందలి గౌరవముతో అందఱును లేచిరనియు, అది ఆచారమైనదనియు ఒక కథ. కాని సిన్సినాటి జట్టు నాయకుడు హ్యారీ రైట్ 1869లో వ్రాసిన జాబులో, ఏడవ ఇన్నింగ్సు నడుమ జనము లేచి కాళ్లు చేతులు సాగదీయుట అప్పటికే కలదు. వేలకొలది సామాన్యులు కలిసి చేసినపనిని ఒక దొర పేరిట వ్రాసివేయుట అన్ని దేశముల కథలకును అలవాటు. లేచినవారు పాట కూడ పాడుదురు. ఆ పాట 1908 నాటిది; దానిని వ్రాసిన జాక్ నార్వర్త్ అప్పటికి ఒక్క ఆటయైనను చూడలేదని ప్రతీతి.

బంతి సంగతి ఇంకను విచిత్రము. క్రికెట్టులో బంతి జనములో పడినచో వెంటనే తిరిగి విసరవలెను. ఆ బంతి అరుగుటయు ఆటలో భాగమే. బేస్‌బాల్ బంతి జనములో పడినచో పట్టుకొన్నవానిదే. ఈ మర్యాద మొదటినుండి లేదు. పూర్వము బంతికై చూపరులకును కాపలావారికిని పెనుగులాటలు జరిగెడివి. చికాగో జట్టు యజమాని చార్లెస్ వీగ్‌మన్ 1916లో, పట్టినవారు ఉంచుకొనవచ్చునని ఒప్పుకొనెను. అదే నగరమున తరువాత దానికి ఎదురు ఆచారమొకటి పుట్టినది: పరపక్షమువాడు కంచె దాటించి కొట్టిన బంతి చేతికి వచ్చినచో దానిని ఉంచుకొనుట అవమానము; మైదానములోనికి తిరిగి విసరివేయవలెను. ఉంచుకొన జూచినవానిని చుట్టునున్నవారు కేకలతో విడువరు. వ్రేలి యుంగరము విసరు సభ్యుని భరతుడు చూచెను. చేతికి వచ్చిన నిధిని రోషముతో విసరివేయు సభ్యుని చూడలేదు.

జపానులో ఈ ఆట చూచుట మఱియొక తీరు. అచ్చట అభిమానులు దళములుగా ఏర్పడి, డోళ్లు, బాకాలు తెచ్చుకొని, తమ ఆటగానికి ఒక్కొక్కనికి ఒక్కొక్క పాట కట్టుకొందురు. తమ పక్షము కొట్టుచున్నంతసేపు పాట ఆగదు. పరపక్షము వంతు రాగానే ఊరకుందురు. అప్పుడు ఆవలి దళము పాడును. ఇట్లు వంతులు పంచుకొనుట ఏ నియమావళిలోను ఉన్నది కాదు, చూపరులు తమలో తాము చేసికొన్న ఒడంబడిక.

ఇంతవరకు పండుగ. చూపరి పండుగలోనుండి పక్షములోనికి ఎప్పుడు జాఱిపోవునో చెప్పుట కష్టము. 1974 జూన్ 4న క్లీవ్‌లాండు నగరమున బీరు పది సెంట్లకు అమ్మిరి. త్రాగిన జనము మైదానములోనికి దూకి ఆటగాండ్ర మీద పడగా ఆ ఆటను పరపక్షమునకు గెలుపుగా ప్రకటింపవలసివచ్చెను. దానికి మద్యము కారణమని సరిపెట్టుకొనవచ్చును. 2003లో చికాగోలో జరిగినదానికి ఆ సాకు చాలదు.

చికాగో కబ్స్ జట్టు 1908 తరువాత దేశ విజేత కాలేదు. 1945 తరువాత తుదిపోటీకే చేరలేదు. 2003 అక్టోబరు 14 రాత్రి ఎనిమిదవ ఇన్నింగ్సులో మూడు పరుగులు ముందున్నది. ఇంక ఐదుగురిని అవుట్ చేసినచో తుదిపోటీ. అప్పుడొక బంతి ఎడమగీత వెలుపలికి లేచి జనము అంచున దిగుచుండెను. క్రిందినుండి ఆటగాడు ఎగిరెను. పైనుండి నలుగురైదుగురు చేతులు చాచిరి. ఒక యువకుని చేయి తగిలి బంతి జాఱిపోయెను. వాడు ఆ జట్టునకు పుట్టుకనుండి భక్తుడు. వంద ఆటలలో వందమంది చేసినట్లే చేయి చాచినాడు. పిమ్మట అదే ఇన్నింగ్సులో చికాగో ఆటగాడు తేలికయైన బంతిని జాఱవిడిచెను, పరపక్షము ఎనిమిది పరుగులు చేసెను, మఱునాటి ఆటలో కూడ చికాగో ఓడెను. జనమునకు ఇవి యేవియు గుర్తులేవు. నలువది వేలమంది ఆ ఒక్కని వంక తిరిగి బూతులు తిట్టిరి, చేతనున్నవి విసరిరి. కాపలావారు అతని ముఖము కప్పి బయటికి తీసికొనిపోవలసివచ్చెను. ఆ బంతిని మఱుసటి ఫిబ్రవరిలో జనసమక్షమున ప్రేలుడుతో తుత్తునియలు చేసిరి. బంతి చేసిన పాపమేమి?

2016లో ఆ జట్టు నూట ఎనిమిదేండ్ల తరువాత గెలిచెను. 2017లో విజేతల యుంగరమొకటి అతనికిని ఇచ్చిరి. పదునాలుగేండ్లు అతడు జనము కంట పడకుండ బ్రదికినాడు.

చికాగోను తప్పుపట్టుటకు ముందు మన యిల్లు చూచుకొనవలెను. 1969 అక్టోబరులో హైదరాబాదు లాల్ బహదూర్ క్రీడాప్రాంగణమున న్యూజిలాండుతో టెస్టు జరుగుచుండగా, బందోబస్తువారి దెబ్బకు ఒక కుఱ్ఱవానికి నెత్తురు వచ్చినదని జనము రెచ్చిపోయి అల్లరి చేసెను. నాడు మన జట్టు 89 పరుగులకే కూలినది; కడుపుమంటకు ఆ దెబ్బ నిప్పురవ్వయైనది. పల్నాటి కథలో కోడిపందెమున ఓడిన బ్రహ్మనాయుని పక్షమువారు ఏడేండ్లు నాడు విడిచిపోవలసివచ్చెను. అది పందెము ఫలము. పందెము కట్టినవాడు చూపరి కాడు, వాడును ఒక కక్షిదారుడే. వాని కంటికి ఆట కనబడదు, సొమ్మే కనబడును. జంతుహింసా నిరోధక చట్టము 1960లో వచ్చినది గాని, పందెగాని చూపు నేటికిని పోలేదు. పుంజులనుండి చేతిలోని ఫోనులోనికి మాఱినది.

పరాయి గుంపు నడుమ ఆడుట యెట్టిదో ఎఱిగినవాడు హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు మాఱులు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచెను. 1962 ఆసియా క్రీడలకు భారత ఫుట్‌బాల్ జట్టును జకార్తాకు ఆయనయే తీసికొనిపోయెను. ఇస్రాయేలును, తైవానును ఇండోనేషియా రానీయలేదు. ఆ సంగతిని భారతీయుడైన క్రీడాధికారి జి. డి. సోంధి ఆక్షేపించుటతో అచ్చటి జనమునకు భారతీయులన్న గిట్టలేదు. సెప్టెంబరు 4న కొరియాతో తుదిపోటీ. దాదాపు లక్షమంది అడుగడుగునకు ఎగతాళి చేసిరి. ఆ సముద్రములో మనవారిని ఉత్సాహపఱచిన చిన్న గుంపు పాకిస్తాన్ హాకీ ఆటగాండ్రదని మన ఆటగాండ్రు తరువాత చెప్పుకొనిరి. భారతము 2-1తో గెలిచెను. అప్పటికే వ్యాధిగ్రస్తుడైన రహీమ్ మఱుసటి యేడు కన్నుమూసెను.

పాకిస్తాన్ పేరు వచ్చినది గనుక మదరాసు సంగతి చెప్పక తప్పదు. 1999 జనవరి 31, చేపాక్ మైదానము. గెలుపునకు 271 పరుగులు కావలెను. టెండూల్కర్ వెన్నునొప్పితో 136 చేసి వెడలునప్పటికి పదునేడు మాత్రమే మిగిలెను. మిగిలిన మూడు వికెట్లు నాలుగు పరుగులలో పోయెను; పండ్రెండు పరుగులతో ఓటమి. నిండిన మైదానము ఒక్క క్షణము మూగవోయెను. పిమ్మట జనమంతయు లేచి నిలిచి చప్పట్లు కొట్టసాగెను. అవి గెలిచిన పాకిస్తాన్ వారికి. ఆ జట్టు మైదానము చుట్టు ప్రదక్షిణము చేసినంతసేపు ఆ చప్పట్లు ఆగలేదు. భరతుని పట్టికలోని దైవసిద్ధియు, ఆసనములనుండి లేచుటయు ఒకదాని వెంట ఒకటి అచ్చట జరిగెను. మూడు వారములు గడువకముందే కలకత్తాలో అవే రెండు జట్లు ఆడినప్పుడు అల్లరి చెలరేగి, చూపరులను వెళ్లగొట్టి, ఖాళీ మైదానమున ఆట ముగింపవలసివచ్చెను. దేశమొక్కటే, ఆట యొక్కటే, ఆటగాండ్రును వారే.

ఓరుగంటికి తిరిగి వచ్చినచో, నేడు పొట్టేళ్ల పోరు చూచు వీథులు లేవు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాప్రాంగణమున 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగెను. అయినను చూపరుల ఆటను దగ్గఱగా చూడగోరువారు పాఠశాల మైదానమున జరుగు కబడ్డీకి పోవలెను. అచ్చట కుర్చీలు లేవు, కంచె లేదు. నేలపై సున్నపు గీత. గీత వెంట రెండు పాఠశాలల పిల్లలు. కూత పట్టినవాడు ఆవలి పక్షములో అడుగుపెట్టగానే ముందు కేకలు. వాడు ముగ్గురి నడుమ చిక్కి, పట్టు విడిపించుకొని నడిగీత వంక చేయి చాచునప్పటికి కేకలు ఆగిపోవును. వానితో పాటు గీత చుట్టు ఉన్నవారందఱును ఊపిరి బిగపట్టియుందురు. అప్పుడు వినబడునది కూత ఒక్కటే. ఆ నిశ్శబ్దములో ఎవనికిని తెలియకుండ వరుస ఒక్క అడుగు ముందుకు జరుగును, కాళ్ల క్రింద సున్నము చెఱగును. ఉపాధ్యాయుడు ఈల వేసి, పిల్లలను వెనుకకు నెట్టి, గుప్పెడు సున్నముతో గీత మరల గీయుచుండును.