పాస్‌వర్డ్ కరెక్టే, అయినా వెబ్‌మెయిల్ లాగిన్ అవ్వట్లేదా? మధ్యలో ఉన్న ప్రాక్సీని చూడండి

కాలేజీ మెయిల్ కావచ్చు, ఆఫీస్ మెయిల్ కావచ్చు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతాం, లాగిన్ మాత్రం అవ్వదు. ఇంటర్వ్యూ లింకో, ఆఫర్ లెటరో ఆ ఇన్‌బాక్స్‌లోనే ఉంటే ఇక టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని పాస్‌వర్డ్ రీసెట్. కానీ సమస్య పాస్‌వర్డ్‌లో లేనప్పుడు రీసెట్ చేస్తే తగ్గదు సరికదా, ఒక్కోసారి ఇంకా ముదురుతుంది. ఎందుకలా అవుతుందో, తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలో చూద్దాం.

అసలు మధ్యలో ఏం జరుగుతుంది?

యూజర్లు తక్కువగా ఉంటే ఒక్క మెయిల్ సర్వర్ సరిపోతుంది. ఎక్కువైతే మెయిల్‌బాక్సులను రెండు మూడు సర్వర్లకు పంచుతారు. అందరికీ వెబ్ అడ్రస్ ఒకటే ఉండాలి కాబట్టి వాటి ముందు ఒక ప్రాక్సీ సర్వర్ పెడతారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు కదా, అలాంటిదే ఇది. వచ్చినవాళ్లు ఏ ఫ్లాట్‌కి వెళ్లాలో చూసి పంపుతుంది.

ఉదాహరణకి జింబ్రా తీసుకుందాం. ఇందులో ప్రాక్సీ పని చేసేది ఎన్‌జిన్‌ఎక్స్. మన బ్రౌజర్ 443 పోర్టులో ప్రాక్సీ దగ్గరికి వస్తుంది. ఈ యూజర్ మెయిల్‌బాక్స్ ఏ సర్వర్‌లో ఉందో ప్రాక్సీ 7072 పోర్టులో ఉండే లుకప్ సర్వీస్‌ని అడుగుతుంది. వచ్చిన జవాబుని మెమ్‌క్యాష్‌డ్‌లో దాచుకుంటుంది. దీని పోర్టు 11211. తర్వాత రిక్వెస్ట్‌ని వెనకున్న మెయిల్‌బాక్స్ సర్వర్‌కి పంపుతుంది. సెటప్‌ని బట్టి అది 8443 లేదా 8080 పోర్టు. ఫోన్‌లోని మెయిల్ యాప్ ఐమ్యాప్ వాడుతుంటే దారి 993 నుంచి 7993కి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన పాయింట్ ఒకటుంది. పాస్‌వర్డ్ చెక్ అయ్యేది వెనకున్న సర్వర్ వైపు. రిక్వెస్ట్ అక్కడిదాకా చేరకపోతే మీ పాస్‌వర్డ్ కరెక్టా కాదా అన్న ప్రశ్నే రాదు.

స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది?

1. 502 లేదా 504 ఎర్రర్: ప్రాక్సీ బతికే ఉంది, వెనకున్న సర్వర్‌తో మాత్రం మాట్లాడలేకపోతోంది. అడ్మిన్ అయితే ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్ తెరవాలి. అందులో 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని ఉంటే చాలాసార్లు ఆ పోర్టులో సర్వీస్ నడవట్లేదని అర్థం. 'టైమ్డ్ అవుట్' అని ఉంటే ఫైర్‌వాల్‌ని, సర్వర్ లోడ్‌ని చూడాలి.

2. ఎర్రర్ ఏమీ లేదు, లాగిన్ పేజీయే మళ్లీ మళ్లీ వస్తోంది: ఇది ఎక్కువగా కుకీ గొడవ. ముందు ఇన్‌కాగ్నిటోలో ట్రై చేయండి. అక్కడ ఓపెన్ అయితే పాత కుకీలు డిలీట్ చేస్తే చాలు. అక్కడా అంతే అయితే సర్వర్ సెట్టింగ్‌లో తేడా ఉండొచ్చు. ఒక సర్వర్‌లో లాగిన్ అయిన మనిషి తర్వాతి రిక్వెస్ట్‌ని ప్రాక్సీ ఇంకో సర్వర్‌కి పంపితే, ఆ రెండో సర్వర్ 'నువ్వెవరు?' అని మళ్లీ మొదటికి తెస్తుంది.

3. కొంతమందికే సమస్య: వాళ్లందరి మెయిల్‌బాక్సులు ఒకే సర్వర్‌లో ఉన్నాయేమో చూడాలి. ఈమధ్యే వాటిని వేరే సర్వర్‌కి మార్చి ఉంటే మెమ్‌క్యాష్‌డ్‌లో పాత అడ్రస్సే మిగిలి ఉండొచ్చు. ఆ క్యాష్ క్లియర్ చేస్తే కొత్త దారి దొరుకుతుంది.

4. అందరికీ ఒకేసారి ఆగి, కాసేపటికి దానంతటదే వస్తోంది: అన్నిటికంటే తికమక పెట్టేది ఇదే.

ఒక్క పాత ఫోన్ చాలు

చాలా సర్వర్లలో ఫెయిల్‌టుబ్యాన్ అనే టూల్ ఉంటుంది. దీని డిఫాల్ట్ సెట్టింగ్ ప్రకారం ఒకే ఐపీ నుంచి 10 నిమిషాల్లో 5 సార్లు తప్పు లాగిన్ వస్తే ఆ ఐపీని 10 నిమిషాలు బ్లాక్ చేస్తుంది. మంచి సెక్యూరిటీనే. కానీ మధ్యలో ప్రాక్సీ ఉన్నప్పుడు, సరిగ్గా సెట్ చేయకపోతే, వెనకున్న సర్వర్‌కి అందరూ ప్రాక్సీ ఐపీతోనే కనిపిస్తారు.

ఇప్పుడు ఒకరు పాస్‌వర్డ్ మార్చారనుకోండి. డ్రాయర్‌లో పడేసిన పాత ఫోన్, ఇంట్లో ట్యాబ్ పాత పాస్‌వర్డ్‌తో అడుగుతూనే ఉంటాయి. 5 సార్లు ఫెయిల్ అవగానే బ్లాక్ అయ్యేది ఆ ఫోన్ కాదు, ప్రాక్సీ! దాంతో అందరికీ మెయిల్ బంద్. 10 నిమిషాలకి వస్తుంది, మళ్లీ పోతుంది. భయపడి ఇంకో నలుగురు రీసెట్ చేస్తే అలాంటి ఫోన్లు మరో నాలుగు తోడవుతాయి.

ప్రాక్సీ ఐపీని మినహాయింపు లిస్టులో పెడితే సగం పనే అయినట్టు. అలా వదిలేస్తే నిజంగా దాడి చేసేవాడు కూడా ప్రాక్సీ చాటున తప్పించుకుంటాడు. లాగ్‌లో యూజర్ అసలు ఐపీ పడేలా చేయాలి. జింబ్రాలో అయితే ప్రాక్సీని మెయిల్ ట్రస్టెడ్ ఐపీగా చేర్చాలి. అప్పుడు లాగ్‌లో ఓఐపీ అనే చోట అసలు ఐపీ కనిపిస్తుంది. బ్లాక్ చేయడం కూడా ప్రాక్సీ మెషీన్ మీదే జరగాలి, ఎందుకంటే బయటి ట్రాఫిక్ తగిలేది దానికే.

తేల్చేసే ఒక్క టెస్ట్

అడ్మిన్ ఆఫీస్ నెట్‌వర్క్ లోపలి నుంచి, ప్రాక్సీని దాటేసి నేరుగా మెయిల్‌బాక్స్ సర్వర్ 8443 పోర్టులో లాగిన్ ట్రై చేయాలి. అక్కడ అయి 443లో అవ్వకపోతే సమస్య ప్రాక్సీ వైపు ఉంది. రెండు చోట్లా అవ్వకపోతే అకౌంట్‌నో, మెయిల్‌బాక్స్ సర్వర్‌నో చూడాలి. ఈ టెస్ట్ కోసం 8443ని ఇంటర్నెట్‌కి మాత్రం ఓపెన్ చేయొద్దు.

మీరు మామూలు యూజర్ అయితే రీసెట్‌కి ముందు ఇవి చేయండి: పక్కనున్నవాళ్లకి వస్తోందా అని అడగండి, మొబైల్ డేటా మీద ఒకసారి చూడండి, ఎర్రర్ స్క్రీన్‌షాట్ తీసి టైమ్‌తో సహా ఐటీ టీమ్‌కి పంపండి. ఆ టైమ్ ఉంటే లాగ్‌లో వెతకడం చాలా ఈజీ. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ పంపొద్దు. నిజంగానే పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తే, అది సేవ్ అయి ఉన్న ప్రతి ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, ట్యాబ్‌లో అదే రోజు అప్‌డేట్ చేయండి. ఆ డ్రాయర్‌లో ఉన్న పాత ఫోన్‌తో సహా!