అమీనా వస్తే తలుపు మూయవద్దు



కోర్టు అమీనా ఊళ్లోకి వచ్చినాడంటే పెరటిదారిన చేనికి జారుకొనేవారు మనలో కొందరున్నారు. కాగితం తీసుకోకుంటే దావా నడవదని వారి నమ్మకం. ఆ నమ్మకమే చేనికి చేటు తెస్తుంది.

సమన్లు అనగా ఏమి? మీపై దావా పడినది, ఫలానా తేదీకి వచ్చి మీ మాట చెప్పుకొమ్మని కోర్టు పంపే పిలుపు. వెంట దావా నకలు కూడ ఉంటుంది. సంతకం చేసినంత మాత్రాన అప్పు ఒప్పుకొన్నట్లు కాదు. కాగితం ముట్టినదని మాత్రమే దాని అర్థం.

వద్దంటే ఏమవుతుంది? 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు ప్రకారం అమీనా ఆ నకలును వాకిలికి అంటించి, కోర్టుకు రిపోర్టు ఇస్తాడు. రిజిస్టరు టపా తిరగ్గొట్టినా ముట్టినట్లే లెక్క. ఆదోని, మంత్రాలయం వైపు నుండి మిరప కోతలకని గుంటూరుకు సుగ్గికి పోయేవారు ఇది గమనించవలెను. మీరు ఊళ్లో లేనప్పుడు, మీతో కాపురముండే మేజరైన కుటుంబ సభ్యులకు, ఆడవారైనా సరే, సమన్లు ఇవ్వవచ్చును. కాబట్టి కాగితం వస్తే వెంటనే ఫోను చేయమని ఇంట్లో చెప్పి పోండి.

ఒక రైతు ప్రోనోటు మీద 50,000 రూపాయలు తెచ్చి, 30,000 తీర్చి, రసీదులు పెట్టెలో దాచుకొన్నాడనుకోండి. అతడు కోర్టుకు పోకుంటే ఆ రసీదులు చూసేదెవరు? వాది మాటే విని కోర్టు ఏకపక్ష డిక్రీ ఇవ్వవచ్చును. తీర్చిన సొమ్ము కూడ వడ్డీతో, ఖర్చులతో మళ్లీ నెత్తిన పడుతుంది. సేద్యానికి కావలసిన ఎద్దులకు, పనిముట్లకు, విత్తనాలకు జప్తు నుండి చట్టం రక్షణ ఇచ్చినది. చేనికి ఆ రక్షణ లేదు.

అమెరికా ఫెడరల్ కోర్టులలో, సమన్ల తతంగం అక్కరలేదని వ్రాసి ఇచ్చిన ప్రతివాదికి జవాబు కొరకు 21 దినాలకు బదులు 60 దినాలు ఇస్తారు. మన చట్టంలో అట్టి బేరం లేదు. అయినా దావా పడినదని తెలిసిన వెంటనే వకీలు చేత వకాల్తా వేయించి హాజరు కావచ్చును. అమీనా కొరకు కాచుకొని ఉండనక్కరలేదు. సమన్లు ముట్టినవా, జవాబుకు 30 దినాలే గడువు. కోర్టు కారణాలు వ్రాసి 90 దినాల వరకు పొడిగించవచ్చును.

ఏకపక్ష డిక్రీ అయిపోయినదా? దాని రద్దుకు 30 దినాలలో అర్జీ పెట్టవలెను. ఈ గడువు డిక్రీ నాటి నుండి లెక్క. సమన్లు సరిగా ముట్టకపోయి ఉంటే, డిక్రీ సంగతి తెలిసిన నాటి నుండి లెక్క. వాయిదా ముందే తెలిసి, పోవడానికి వ్యవధి ఉండి కూడ ఊరకున్నవారికి మాత్రం సమన్లలో లోపమున్నదన్న సాకు పనికిరాదు.

గ్రామాల్లో తిరిగే విస్తరణ సిబ్బందికి ఒక మనవి. సమన్లు పట్టుకొని వచ్చిన రైతును కర్నూలు, కడప జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు పంపండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

కాగితం తీసుకోండి. వాయిదా తేదీ గోడ మీద వ్రాసుకోండి. రసీదులు మూటగట్టుకొని ఆ తేదీకి కోర్టుకు పోండి.