బెహ్చెట్ వ్యాధి: తప్పు రక్తంలో లేదు, నాళం గోడలో ఉంది

నోరు పూసిందంటే మన ఇళ్లలో మొదట వచ్చే మాట ‘వేడి చేసింది’. మజ్జిగ, సబ్జా నీళ్లు, నాలుగు రోజులు బి-కాంప్లెక్స్ మాత్రలు. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది కూడా. కానీ పూత పదేపదే తిరగబెడుతూ, జననాంగాల దగ్గరా పుండ్లు పడి, కళ్లు ఎర్రబడి చూపు మసకబారుతుంటే బెహ్చెట్ వ్యాధిని అనుమానించాలి. ఇస్తాంబుల్ చర్మవైద్యుడు హులుసి బెహ్చెట్ 1937లో ఈ మూడింటినీ కలిపి ఒకే జబ్బుగా వర్ణించారు. మధ్యధరా తీరం నుంచి జపాన్ దాకా కనిపించే ఈ వ్యాధి టర్కీలో అన్నిచోట్లకన్నా ఎక్కువ. మన దగ్గర అరుదు. అందుకే అపోహలూ ఎక్కువ.

అపోహ: ఇది ‘తిరుగుళ్ల’ వల్ల అంటుకునే జబ్బు.

కాదు. సుఖవ్యాధీ కాదు, అంటువ్యాధీ కాదు. జననాంగాల దగ్గర పుండ్లు చూసి భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడం ఎంత అన్యాయమో చెప్పలేం. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి సొంత శరీరంపైనే విరుచుకుపడటం వల్ల వచ్చే వాపు ఇది.

అపోహ: పుండ్ల జబ్బే కదా, ప్రాణం మీదికి రాదు.

ఇస్తాంబుల్‌లోని జెర్రాపాషా వైద్య కళాశాల వైద్యులు 387 మంది రోగులు రెండు దశాబ్దాల తర్వాత ఎలా ఉన్నారో ఆరా తీసి 2003లో ప్రచురించారు. అప్పటికి 42 మంది చనిపోయారు, వారిలో 39 మంది మగవాళ్లే. పెద్ద రక్తనాళాలు దెబ్బతినడం, నాడీ వ్యవస్థకు జబ్బు పాకడం ఇందుకు ప్రధాన కారణాలు. సిరలు, ధమనులు, చిన్నవి, పెద్దవి అన్న తేడా ఈ వ్యాధికి లేదు. ఎక్కువగా కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. మెదడు సిరల్లో గడ్డకడితే తీవ్రమైన తలనొప్పి, కాలేయ సిరల్లో అయితే పొట్టలో నీరు. యువకుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ.

అపోహ: రక్తం చిక్కబడింది, పలచబరిచే మందులు వాడితే చాలు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. మామూలుగా కాలి సిరలో గడ్డకడితే ఆ మందులే ప్రధాన వైద్యం. బెహ్చెట్‌లో కథ వేరు. తెల్ల రక్తకణాలు సిర గోడపై దాడి చేస్తాయి, గోడ వాస్తుంది, ఆ వాపు మీద రక్తం గడ్డకట్టి గట్టిగా అతుక్కుపోతుంది. కాబట్టి ముందు అణచాల్సింది వాపునే. యూరప్ రుమటాలజీ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాలు చెప్పేదీ అదే: స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ వంటి రోగనిరోధక వ్యవస్థను నెమ్మదింపజేసే మందులు ఇవ్వాలి. రక్తస్రావం ముప్పు తక్కువైతే, ఊపిరితిత్తుల ధమనుల్లో ఉబ్బులు లేవని తేలితే, రక్తాన్ని పలచబరిచే మందు జోడించవచ్చు.

ఆ ఉబ్బుల సంగతి తెలియకపోతే మరో పొరపాటు జరుగుతుంది.

అపోహ: దగ్గితే రక్తం పడిందంటే టీబీయే.

టీబీ ఇంతగా ఉన్న దేశంలో ఆ అనుమానం సహజమే, పరీక్ష చేయించాల్సిందే. అయితే బెహ్చెట్ రోగి దగ్గినప్పుడు రక్తం పడిందంటే, ఊపిరితిత్తి ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బిందేమోనని సీటీ యాంజియోగ్రామ్‌తో వెంటనే చూడాలి. ఆ బుడగ చిట్లితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఊపిరితిత్తిలో గడ్డ ఉందనుకుని రక్తాన్ని పలచబరిస్తే రక్తస్రావం ఇంకా పెరగవచ్చు. ఈ ఉబ్బులకు ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లతో పాటు సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు.

అపోహ: ఆపరేషన్ చేసి ఉబ్బు తీసేస్తే పూర్తిగా నయమవుతుంది.

చాలామంది బెహ్చెట్ రోగులకు సూది గుచ్చిన చోట ఒకటి రెండు రోజుల్లో చిన్న పొక్కు లేస్తుంది. రక్తనాళాల్లోనూ అంతే, కుట్లు వేసిన చోటే కొత్త ఉబ్బు రావచ్చు. అందుకే ప్రాణాపాయం ఉంటే తప్ప, ముందు మందులతో వాపు తగ్గించాకే కత్తి పడతారు. ఆ తర్వాతా మందులు ఆపరు.

కాలు వాచి ఆసుపత్రికి వెళ్లిన కుర్రాడిని నోటిపూత గురించి అడగాలని చాలాసార్లు ఎవరికీ తోచదు. అడగకపోయినా రోగే చెప్పాలి: ఎన్నాళ్లుగా నోరు పూస్తోంది, పుండ్లు ఎక్కడెక్కడ వచ్చాయి, కళ్లు ఎప్పుడైనా ఎర్రబడ్డాయా అని. ఆ నాలుగు మాటలతో రుమటాలజిస్ట్‌కు సగం దారి దొరుకుతుంది.