ఫస్ట్ క్యారవాన్ కొంటున్నారా? ముందు ఆర్‌సీ చూడండి

మాది నల్గొండ. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో దాచుకున్న పైసలతో సెకండ్ హ్యాండ్ క్యారవాన్ కొందామని పోయిన. లోపల బెడ్, సింక్, ఏసీ... చూడంగనే ఫిదా. అడ్వాన్స్ ఇయ్యబోతుంటే నాయిన ఒక్కటే అడిగిండు: "కాయితాలల్ల ఏమని ఉందిరా?"

ఆర్‌సీ తీస్తే ప్యాసింజర్ వ్యాన్ అని ఉంది. సీట్లు పీకి బెడ్లు పెట్టిన్రు, అంతే. మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 52 ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి కూడా తిప్పలే. కాబట్టి ఆర్‌సీలో వెహికల్ క్లాస్ దగ్గర మోటార్ క్యారవాన్ లేదా క్యాంపర్ వ్యాన్ అని ఉందా చూడండి.

రెండోది కరెంటు. 12 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 2400 వాట్ అవర్లు. 1200 వాట్ల ఏసీ వేస్తే మహా అయితే రెండు గంటలు. మన దగ్గర మే నెల రాత్రికి అదేం సరిపోతది? ప్లగ్ పెట్టుకునే జాగ ఉండాల్సిందే.

మూడోది, బండి ఆపేది ఎక్కడ? శ్రీశైలం రోడ్డులో మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను అడవిలోకి వదలరు. టైమ్ చూసుకొని బయల్దేరాలి.

అందుకే కొనేముందు రెండు రాత్రులు కిరాయికి తీసుకోండి, అదీ ఎండాకాలంలోనే. నేనైతే ఆ బండి కొనలే. బీటెక్ చదివిన నాకు తట్టని ప్రశ్న నాయినకు తట్టింది. ఉంటా మరి!